పాఠం 8: పాత లారీలో ఎలక్ట్రిక్ ఇంధన పంపు – భద్రతా కటాఫ్ అమరిక

8.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మెకానికల్ పంపుకూ ఎలక్ట్రిక్ పంపుకూ భద్రత విషయంలో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• రిలే, ఆయిల్ పీడన స్విచ్, జడత్వ స్విచ్ పనిచేసే తీరును చెప్పగలుగుతారు.
• ఈ మూడింటినీ కలిపే సర్క్యూట్‌ను గీసి, దాన్ని పరీక్షించే క్రమాన్ని రాయగలుగుతారు.
• ఈ అమరిక ఏ ప్రమాదాన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో వేరుచేసి చెప్పగలుగుతారు.

8.1 ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత ఈ నగరంలో సరుకు రవాణా మరింత పెరిగింది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర గానీ, గాజువాక ఆటోనగర్‌లో గానీ కాసేపు నిలబడి చూస్తే కొత్త ట్రెయిలర్ల పక్కనే ఏళ్ల తరబడి తిరిగిన పాత లారీలు కూడా మీకు కనిపిస్తాయి. బొగ్గు, ఇనుప ఖనిజం, ఉక్కు చుట్టలు మోసే ఈ నగరంలో పాత బండిని మరమ్మతు చేసి నడుపుకోవడం చాలా కుటుంబాలకు జీవనాధారం.

ఇలాంటి మరమ్మతుల్లో ఒకటి, అరిగిపోయిన మెకానికల్ ఫీడ్ పంపు స్థానంలో ఎలక్ట్రిక్ పంపు బిగించడం. విడిభాగం దొరకనప్పుడో, పైపులో తరచు గాలి చేరి బండి మొరాయిస్తున్నప్పుడో మెకానిక్కులు ఈ పని చేస్తుంటారు. రెండు తీగలు కలిపితే పంపు తిరుగుతుంది, బండి కదులుతుంది. కానీ పాత పంపులో ఉన్న ఒక రక్షణ ఈ మార్పుతో పోతుంది. అది ఏమిటి, దాన్ని తిరిగి ఎలా తెచ్చుకోవాలి అన్నదే ఈ పాఠంలోని విషయం.

కారుతున్న ఇంధనం ఎంత ప్రమాదమో విశాఖ ప్రజలకు తెలుసు. 1997 సెప్టెంబర్ 14న ఇక్కడి హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో ఎల్‌పీజీ లీకై చెలరేగిన మంటల్లో దాదాపు 60 మంది మరణించారు. లారీకీ శుద్ధి కర్మాగారానికీ పరిమాణంలో పోలిక లేదు. అయితే ఒక సూత్రం రెండింటికీ వర్తిస్తుంది: ఇంధనం బయటికి వస్తున్నప్పుడు ప్రవాహం దానంతట అది ఆగాలి. మనిషి వచ్చి ఆపేదాకా వేచి ఉండే పరిస్థితి ఉండకూడదు.

8.2 మెకానికల్ పంపు, ఎలక్ట్రిక్ పంపు: తేడా ఎక్కడ?

పాత డీజిల్ లారీలో ఫీడ్ పంపు సాధారణంగా ఇంజెక్షన్ పంపు పక్కనే ఉంటుంది. దాన్ని ఒక క్యామ్ నడుపుతుంది. క్యామ్ తిరగాలంటే ఇంజన్ తిరగాలి. కాబట్టి ఇంజన్ ఆగిన క్షణంలో పంపు కూడా ఆగుతుంది. ఈ రక్షణ కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏ పరికరమూ పెట్టలేదు. పంపు నిర్మాణంలోనే అది ఇమిడి ఉంది.

ఎలక్ట్రిక్ పంపుకు ఇంజన్‌తో సంబంధం లేదు. దానికి కావలసింది బ్యాటరీ కరెంటు మాత్రమే. ఇగ్నిషన్ స్విచ్ నుంచి నేరుగా తీగ లాగి బిగించారనుకోండి. బండి గుద్దుకుని ఇంజన్ ఆగిపోయినా, స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది. డ్రైవరు గాయపడి ఉంటే స్విచ్ ఆపే చెయ్యి ఉండదు.

ఇంజెక్షన్‌ను కంప్యూటర్ నియంత్రించే కొత్త బండ్లలో ఈ సమస్యకు పరిష్కారం తయారీలోనే ఉంటుంది. స్విచ్ వేయగానే పంపు కొద్ది సెకన్లు తిరుగుతుంది. ఇంజన్ తిరుగుతున్నట్టు సంకేతం రాకపోతే కంట్రోల్ యూనిట్ దాన్ని ఆపేస్తుంది. పాత లారీలో ఆ యూనిట్ లేదు. అది చేసే పనిని మనం స్విచ్‌లతో, రిలేతో చేయించాలి.

8.3 ప్రమాదం ఎంత? ఒక లెక్క

గంటకు 120 లీటర్లు తోడే పంపును తీసుకుందాం. అంటే నిమిషానికి 2 లీటర్లు. హోస్ పైపు తెగి, ఎవరైనా వచ్చి స్విచ్ ఆపడానికి 5 నిమిషాలు పట్టిందనుకుంటే 10 లీటర్ల ఇంధనం బయటికి వస్తుంది.

“డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు కదా” అని మీరు అడగవచ్చు. పెట్రోలుతో పోలిస్తే అది నిజమే. పెట్రోలు ఆవిరి సున్నా కంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కూడా నిప్పురవ్వకు అంటుకోగలదు. మన దేశంలో వాహనాల డీజిల్‌కు నిర్దేశించిన కనీస జ్వలన స్థానం 35 డిగ్రీల సెల్సియస్. కానీ విశాఖ వేసవిలో గాలి ఉష్ణోగ్రతే ఆ దరిదాపులకు వస్తుంది. పైగా పని చేస్తున్న ఇంజన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డు వందల డిగ్రీల వేడితో ఉంటుంది. దాని మీద డీజిల్ చిమ్మితే నిప్పురవ్వ లేకుండానే అంటుకునే అవకాశం ఉంది.

ఇక్కడ మరొక అపోహను కూడా తొలగించుకోవాలి. “ఫ్యూజు ఉంది కదా, అది కాలిపోయి పంపు ఆగుతుంది” అని కొందరు అంటారు. ఫ్యూజు కాలేది కరెంటు పెరిగినప్పుడు. హోస్ తెగినప్పుడు పంపు మీద భారం తగ్గుతుందే తప్ప పెరగదు. ఫ్యూజు కాపాడేది తీగలను. ఇంధనం కారడం దానికి తెలియదు.

8.4 మూడు భాగాలు

8.4.1 రిలే

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నియంత్రించే విద్యుదయస్కాంత స్విచ్. వాహనాల రిలేలో నాలుగు టెర్మినళ్లు ముఖ్యం. 85, 86 కాయిల్ కొనలు. 30 దగ్గర బ్యాటరీ కరెంటు వస్తుంది. 87 నుంచి అది పంపుకు వెళుతుంది. కాయిల్‌కు ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కర్లేదు. అందువల్ల సున్నితమైన ఆయిల్ స్విచ్ మీద పంపు భారమంతా పడదు.

8.4.2 ఆయిల్ పీడన స్విచ్

ఇంజన్ తిరుగుతోందో లేదో చెప్పే నమ్మకమైన సాక్షి ఆయిల్ పీడనం. ఇంజన్ ఆగితే కొద్ది క్షణాల్లో పీడనం పడిపోతుంది. దీన్ని పంపుకు ఆజ్ఞగా వాడుకోవచ్చు.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగించే స్విచ్‌ను ఇందుకు వాడకండి. అది పీడనం లేనప్పుడు మూసుకుని, పీడనం వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. మనకు కావలసింది దీనికి వ్యతిరేకం. అందుకే మూడు టెర్మినళ్ల స్విచ్ కొనాలి. అందులో ఒకటి ఉమ్మడి టెర్మినల్. పీడనం లేనప్పుడు అది ‘స్టార్ట్’ టెర్మినల్‌తో, పీడనం వచ్చాక ‘రన్’ టెర్మినల్‌తో కలుస్తుంది.

రెండు టెర్మినళ్లున్న స్విచ్‌తో సరిపెట్టి, దాని కొనకే సెల్ఫ్ మోటారు తీగను కూడా కలిపితే ఒక కొత్త ప్రమాదం వస్తుంది. ఇంజన్ స్టార్టయి పీడనం రాగానే ఇగ్నిషన్ కరెంటు వెనక్కి సెల్ఫ్ సోలనాయిడ్‌లోకి పోతుంది. తిరుగుతున్న ఇంజన్ మీద సెల్ఫ్ పడి పళ్లు విరిగిపోవచ్చు. మూడు టెర్మినళ్ల స్విచ్‌లో ఆ రెండు దారులూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవవు.

8.4.3 జడత్వ స్విచ్

బస్సు హఠాత్తుగా ఆగితే మనం ముందుకు తూలుతాం. న్యూటన్ మొదటి నియమం ప్రకారం కదులుతున్న వస్తువు తన గమనాన్ని కొనసాగించాలని చూస్తుంది. జడత్వ స్విచ్‌లో జరిగేదీ ఇదే. బాగా వాడుకలో ఉన్న నమూనాలో శంకువు ఆకారపు గిన్నె అడుగున ఒక ఉక్కు గోళీని అయస్కాంతం పట్టి ఉంచుతుంది. గట్టి దెబ్బ తగిలితే గోళీ అయస్కాంతం పట్టు విడిపించుకుని గిన్నె గోడ మీదుగా పైకి ఎక్కి, ఒక పలకను తట్టి స్పర్శలను తెరుస్తుంది. పైన ఉన్న బొత్తాం బయటికి వస్తుంది. దాన్ని చేత్తో తిరిగి నొక్కేదాకా కరెంటు పారదు.

బ్రేకు వేసిన ప్రతిసారీ ఇది తెరుచుకోదా? లెక్క చూడండి. గంటకు 36 కి.మీ. వేగం అంటే సెకనుకు 10 మీటర్లు. గట్టిగా బ్రేకు వేస్తే లారీ వేగం సెకనుకు దాదాపు 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. అది గురుత్వ త్వరణంలో 0.6 వంతు. అదే లారీ గోడను గుద్ది 0.1 సెకనులో ఆగితే వేగం సెకనుకు 100 మీటర్ల చొప్పున తగ్గినట్టు. అది గురుత్వ త్వరణానికి సుమారు 10 రెట్లు. ఈ రెండింటి మధ్య ఇంత అంతరం ఉంది కాబట్టే బ్రేకుకు కదలకుండా, గుద్దుడుకు స్పందించేలా స్విచ్‌ను తయారు చేయడం సాధ్యమైంది.

8.5 సర్క్యూట్

సర్క్యూట్‌ను రెండు దారులుగా గీయండి.

శక్తి మార్గం: బ్యాటరీ → ఫ్యూజు → రిలే 30 → రిలే 87 → జడత్వ స్విచ్ → పంపు → చాసిస్ ఎర్త్.

ఆజ్ఞా మార్గం: ఇగ్నిషన్ స్విచ్ తీగ ఆయిల్ స్విచ్ ‘రన్’ టెర్మినల్‌కు, సెల్ఫ్ సోలనాయిడ్ ఆజ్ఞా తీగ ‘స్టార్ట్’ టెర్మినల్‌కు, ఉమ్మడి టెర్మినల్ నుంచి రిలే 86కు, రిలే 85 నుంచి ఎర్త్‌కు.

జడత్వ స్విచ్‌ను ఆజ్ఞా మార్గంలో కాక శక్తి మార్గంలో పెట్టడానికి కారణం ఉంది. ఏళ్ల వాడకంలో రిలే స్పర్శలు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు కాయిల్‌కు కరెంటు ఆపినా పంపు ఆగదు. జడత్వ స్విచ్ పంపు తీగలోనే ఉంటే, రిలే చెడినా ప్రమాదంలో పంపు ఆగుతుంది. అయితే కొనే ముందు ఆ స్విచ్ పంపు కరెంటును తట్టుకుంటుందో లేదో దాని మీది రేటింగ్ చూసి నిర్ధారించుకోవాలి.

వివిధ స్థితుల్లో పంపు ఎలా ఉండాలో ఈ పట్టిక చూపుతుంది.

| స్థితి | సెల్ఫ్ | ఆయిల్ పీడనం | జడత్వ స్విచ్ | పంపు |
|---|---|---|---|---|
| స్విచ్ ఆన్, ఇంజన్ ఆగి ఉంది | లేదు | లేదు | మూసి ఉంది | ఆగి ఉండాలి |
| సెల్ఫ్ కొడుతున్నారు | ఉంది | లేదు | మూసి ఉంది | తిరగాలి |
| ఇంజన్ నడుస్తోంది | లేదు | ఉంది | మూసి ఉంది | తిరగాలి |
| గుద్దుకుంది, ఇంజన్ ఇంకా తిరుగుతోంది | లేదు | ఉంది | తెరిచి ఉంది | ఆగాలి |
| ఇంజన్ ఆగిపోయింది, గుద్దుడు లేదు | లేదు | లేదు | మూసి ఉంది | ఆగాలి |

చివరి రెండు వరుసలను జాగ్రత్తగా చూడండి. నాలుగో స్థితిని ఆయిల్ స్విచ్ పట్టుకోలేదు. అయిదో స్థితిని జడత్వ స్విచ్ పట్టుకోలేదు. లారీ మెల్లగా పక్కకు ఒరిగి ఇంజన్ ఆగినప్పుడు గోళీని కదిలించేంత దెబ్బ ఉండకపోవచ్చు. అందుకే ఒకటి చాలదు, రెండూ కావాలి.

ఫిల్టరు మార్చినప్పుడు పైపులో గాలి తీయడానికి ఇంజన్ ఆగి ఉండగా పంపును నడపాల్సి వస్తుంది. దీనికి నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసే బొత్తాన్ని రిలే 30, 87 మధ్య కలపండి. ఒకసారి వేస్తే అలాగే ఉండిపోయే స్విచ్ పెట్టకూడదు. ఈ బొత్తాన్ని 86కు కలపకూడదు. కలిపితే ఆయిల్ స్విచ్ గుండా కరెంటు సెల్ఫ్ సోలనాయిడ్‌కు పోయి బండి కదలవచ్చు.

8.6 అమర్చే క్రమం

1. బండి వోల్టేజీ 12 వోల్టులో 24 వోల్టులో మీటరుతో కొలవండి. పంపు, రిలే రెండూ అదే వోల్టేజీవి కావాలి.

2. ఇంజన్ చల్లారాక, గాలి ఆడే చోట పని మొదలుపెట్టండి. బీడీ, వెల్డింగ్ దగ్గర్లో ఉండకూడదు. పొడి రకం అగ్నిమాపక సిలిండరు అందుబాటులో పెట్టుకోండి. ముందు బ్యాటరీ ఎర్త్ కేబులు విప్పండి.

3. ఇంజన్ బాగా వేడెక్కి ఐడిలింగులో ఉన్నప్పుడు ఆయిల్ పీడనం ఎంతో గేజితో ముందుగానే చూసి ఉంచుకోండి. అరిగిన ఇంజన్‌లో అది స్విచ్ మారే పీడనం కంటే తగ్గితే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. అలాంటి ఇంజన్‌కు ముందు మరమ్మతు అవసరం.

4. తీగ మందం లెక్క కట్టండి. 5 ఆంపియర్ల పంపుకు 5 మీటర్ల రాగి తీగ కావాలనుకుందాం. 2.5 చదరపు మి.మీ. తీగలో వోల్టేజీ నష్టం సుమారు 0.17 వోల్టు. 0.75 చదరపు మి.మీ. తీగలో అది 0.57 వోల్టు. మొదటిదే మేలు. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టండి.

5. జడత్వ స్విచ్‌ను నిటారుగా, క్యాబిన్‌లోని దృఢమైన ఉక్కు భాగానికి బిగించండి. తలుపుకు, అదిరే రేకుకు బిగిస్తే ప్రతి గుంతకూ తెరుచుకుంటుంది. బొత్తాం డ్రైవరు చేతికి అందాలి.

6. సముద్రపు ఉప్పుగాలి, బొగ్గు ధూళి తీగల అతుకులను త్వరగా తినేస్తాయి. రిలేను క్యాబిన్ లోపల, టెర్మినళ్లు కిందికి ఉండేలా అమర్చండి. తీగలను మెలితిప్పి టేపు చుట్టకుండా సరైన టెర్మినళ్లు నొక్కి బిగించండి.

8.7 పరీక్ష

బిగించిన అమరికను పరీక్షించకుండా బండిని రోడ్డు మీదికి పంపకూడదు.

• స్విచ్ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టవద్దు. పంపు శబ్దం వినిపించకూడదు.
• సెల్ఫ్ కొట్టండి. పంపు తిరగాలి.
• ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ స్విచ్ ఉమ్మడి తీగను తీయండి. పంపు ఆగాలి.
• జడత్వ స్విచ్‌ను దాని బిగింపు నుంచి తీసి అరచేతికి గట్టిగా తట్టండి. బొత్తాం బయటికి వచ్చి పంపు ఆగాలి. తిరిగి నొక్కి బిగించండి.
• స్విచ్ పూర్తిగా ఆపాక చెవి పెట్టి వినండి. పంపు ఇంకా తిరుగుతుంటే రిలే అతుక్కుపోయిందని అర్థం.

చివరి పరీక్షను డ్రైవరు రోజూ చేయవచ్చు. దానికి పరికరం అక్కర్లేదు.

8.8 పరిమితులు, జాగ్రత్తలు

ఈ అమరిక పంపును మాత్రమే ఆపుతుంది. ట్యాంకే చిట్లితే అందులోని ఇంధనం బరువు వల్లనే కారిపోతుంది. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టును గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. 45 మంది మరణించారు. గుద్దుడులో డీజిల్ ట్యాంకు దెబ్బతిని మంటలు చెలరేగాయి. అలాంటి ప్రమాదాన్ని పంపు కటాఫ్ నివారించలేదు. ట్యాంకు అమరిక, దాని చుట్టూ రక్షణ కడ్డీలు, ప్రయాణికులు బయటపడే దారులు వేరే అంశాలు.

డీజిల్ ఇంజన్‌లో మరొక సంగతి: ఫీడ్ పంపు ఆగినా ఫిల్టరులో, ఇంజెక్షన్ పంపులో మిగిలిన ఇంధనంతో ఇంజన్ కొంతసేపు నడవవచ్చు. కాబట్టి స్టాప్ కేబులు ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉండాలి.

కటాఫ్ అనవసరంగా పడితే అది కూడా ప్రమాదమే. ఘాటు రోడ్డు మీద ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది. ఇలా ఒకటి రెండుసార్లు జరిగితే డ్రైవరు విసిగి, రెండు తీగలు కలిపి స్విచ్‌ను పక్కకు తప్పిస్తాడు. ఆనాటి నుంచి బండిలో రక్షణ ఉందన్న నమ్మకం మిగులుతుంది, రక్షణ మిగలదు. అందుకే సరైన స్విచ్, సరైన బిగింపు ఎంత ముఖ్యమో, డ్రైవరుకు వివరించడం అంత ముఖ్యం. బొత్తాం బయటికి వస్తే ముందు దిగి బండి కింద చూడాలి, వాసన చూడాలి. కారడం లేదని తేలాకే నొక్కాలి. కారణం తెలియకుండా రెండోసారి నొక్కకూడదు.

మోటారు వాహనాల చట్టం 1988 లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులపై పరిమితులు విధిస్తుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. పెట్రోలు, డీజిల్ మోసే ట్యాంకరు లారీలకు పెట్రోలియం నియమాలు 2002 కూడా వర్తిస్తాయి. వాటి వైరింగ్‌ను మామూలు షెడ్డులో ముట్టుకోకూడదు.

8.9 సారాంశం

మెకానికల్ పంపు ఇంజన్‌తో పాటే ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపుకు ఆ గుణం లేదు. ఆ గుణాన్ని ఆయిల్ పీడన స్విచ్ తిరిగి తెస్తుంది. గుద్దుడు జరిగిన క్షణంలోనే ఆపే పని జడత్వ స్విచ్‌ది. భారీ కరెంటును రిలే మోస్తుంది. ఫ్యూజు తీగలను కాపాడుతుందే గాని ఇంధనాన్ని ఆపదు. పంపు మార్చిన రోజే కటాఫ్ కూడా బిగిస్తేనే ఆ మరమ్మతు పూర్తయినట్టు.

8.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హోస్ తెగినప్పుడు ఫ్యూజు ఎందుకు కాలదు?
2. ఆయిల్ దీపం స్విచ్‌ను పంపు కటాఫ్‌కు ఎందుకు వాడకూడదు?
3. గంటకు 90 లీటర్లు తోడే పంపు తెగిన పైపు గుండా 4 నిమిషాల్లో ఎంత ఇంధనం పారబోస్తుంది?

జవాబులు: 1. పంపు మీద భారం పెరగదు కాబట్టి కరెంటు కూడా పెరగదు. 2. అది పీడనం లేనప్పుడు మూసుకుంటుంది. మనకు పీడనం ఉన్నప్పుడు మూసుకునేది కావాలి. 3. 6 లీటర్లు.

8.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎలక్ట్రిక్ ఇంధన పంపుకు భద్రతా కటాఫ్ సర్క్యూట్‌ను పటం సహాయంతో వివరించండి.
2. ఆయిల్ పీడన స్విచ్, జడత్వ స్విచ్ రెండూ ఎందుకు అవసరమో పట్టిక ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జడత్వ స్విచ్ బ్రేకుకూ గుద్దుడుకూ మధ్య తేడాను ఎలా గుర్తిస్తుంది?
2. జడత్వ స్విచ్‌ను శక్తి మార్గంలో ఎందుకు పెట్టాలి?
3. పంపు కటాఫ్ నివారించలేని ప్రమాదాలు ఏవి?